చించినాడ వంతెన దాటాక చింతపిక్కల రమ్మీ

సంక్రాంతికి కోనసీమ వెళ్తున్నానంటే చాలు, ఆఫీసులో అందరూ కోడిపందాల వీడియోలు పంపమంటారు. మా అమ్మమ్మగారి ఊళ్లో అసలు సందడి కనుమ నాడు మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది. అది ఏ రీల్‌లోనూ కనిపించదు.

సికింద్రాబాద్‌లో రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే భీమవరం దాటి పాలకొల్లులో దిగుతాం. అక్కణ్నుంచి ఆటో. చించినాడ వంతెన మీదకి రాగానే డ్రైవర్ చెప్పకపోయినా తల బయట పెట్టి చూస్తాం, కింద వశిష్ట గోదావరి కదా మరి. అవతలి ఒడ్డున దిండి, అది దాటితే రాజోలు రోడ్డు, రెండు పక్కలా కొబ్బరిచెట్లు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అంటే ఆ రోజు ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. గారెలు, కోడికూర తిని, కదలకూడని పదిహేను మంది ఒకే పెంకుటింట్లో ఉంటే ఏం చేస్తారు? అరుగు మీద చాప పడుతుంది. రెండు పేకలు వస్తాయి. పదమూడు ముక్కలాట.

మా అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను మాత్రం దూరం నుంచే గుర్తుపడుతుంది. ఆట తెలియని వాళ్లకి ఆవిడ పాఠం ఇలా ఉంటుంది.

అయిదారుగురు కూర్చుంటే రెండు పేకలు కలపాలి, బొమ్మ జోకర్లతో సహా. తలా పదమూడు ముక్కలు. మిగిలిన కట్ట బోర్లా పెట్టి, పై ముక్క ఒకటి తెరవాలి. ఇంకో ముక్క తీసి కట్ట కింద అడ్డంగా, కనపడేలా పెట్టాలి. అదే ఈ ఆటకి జోకరు. ఏడు పడిందనుకోండి, అన్ని రంగుల ఏడులూ జోకర్లే. రెండు పేకల్లో ఎనిమిది ఏడులు, ఒకటి కట్ట కింద ఉంది, కాబట్టి ఏడు మిగిలాయి. ఈ లెక్క అమ్మమ్మ నోటితో చెప్పదు, మనసులో వేసుకుంటుంది. మన వంతు రాగానే ఒకటి తీసుకుని ఒకటి పారేయాలి. కట్టలోంచైనా తీయొచ్చు, ముందువాళ్లు పారేసిందైనా ఎత్తుకోవచ్చు.

జోకరు ఏ ముక్క స్థానంలోనైనా కూర్చుంటుంది. ఇస్పేటు తొమ్మిది, పది చేతిలో ఉండి జాకీ లేకపోతే జోకరే జాకీ. అయితే ఒక్క చోట మాత్రం దాని ఆటలు సాగవు. కనీసం ఒక వరస జోకరు సాయం లేకుండా పడాలి. ఆఠీను నాలుగు, అయిదు, ఆరు... ఇలా సొంతంగా. దాన్నే లైఫ్ అంటారు. దాంతోపాటు ఇంకో వరస ఉండాలి, అందులో జోకరు వాడుకోవచ్చు. మిగతావి వరసలైనా సరే, ఒకే అంకెవి వేరే వేరే రంగులవి మూడో నాలుగో అయినా సరే. రెండు పేకలు కదా అని ఒకే రంగు రాజులు రెండు పెట్టి త్రిప్లెట్ అంటే అమ్మమ్మ చేతి మీద ఒకటిస్తుంది.

ఈసారి మా చిన్న మరదలికి పంచడంలోనే మూడు జోకర్లు వచ్చాయి. మొహం వెలిగిపోయింది, ఎవరికి తెలియకూడదో వాళ్లందరికీ తెలిసిపోయింది. నాలుగు రౌండ్లలో మావయ్య షో కొట్టాడు. దాని దగ్గర జోకర్లున్నాయి గానీ లైఫ్ లేదు. లైఫ్ లేకపోతే చేతిలో కలిసిన ముక్కలు కూడా కౌంటులోకే వస్తాయి. జోకర్లకి సున్నా, రాజు రాణి జాకీ ఆసులకి పదేసి. మొత్తం 62 పడ్డాయి. ఎంత దరిద్రమైనా 80 దగ్గర ఆపుతారు, 101 దాటితే అవుట్. ముక్కలు చెత్తగా ఉన్నాయనిపిస్తే మొదట్లోనే డ్రాప్ అయితే 20తో పోతుంది, ఆట మధ్యలో అయితే 40. మావయ్య అర్ధభాగం ఆటలు డ్రాపే. అందుకే ఆఖరి దాకా ఉంటాడు.

ఇది అదృష్టమా, తెలివా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అదీ మన దగ్గరి కేసే. 1963లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లని పట్టుకున్నారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని కోర్టు తేల్చింది. మూడు ముక్కలాటకి ఆ గౌరవం దక్కలేదు.

అయినా మా అరుగు మీద ఇప్పుడు డబ్బు మాట లేదు. పందెం చింతపిక్కలు. ఈ రూల్ మూడేళ్ల కిందట వచ్చింది, మా బావ వల్ల.

బావ అప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు. ఫోన్లో రమ్మీకి మొదట జీతం పోయింది, తర్వాత క్రెడిట్ కార్డు, ఆ తర్వాత మావయ్య కొబ్బరితోట మీద అప్పు తెచ్చి కట్టాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. దేశమంతటికీ చట్టం 2025 ఆగస్టులో వచ్చింది. బావకి అది ఆలస్యమే.

"ఆట ఒకటే కదా బావా, తేడా ఏంటి?" అని ఈసారి పొలం గట్టు మీద అడిగేశాను.

"ఇక్కడ ఒక ఆటకి పావుగంట పడుతుంది. కలపాలి, కొయ్యాలి, పంచాలి, లెక్క రాయాలి. ఈలోపు ఎవరో టీ అంటారు. ఫోన్లో రెండు నిమిషాలు. పోయిందని మనసుకి ఎక్కేలోపే ఇంకో పదమూడు వచ్చేసేవి" అన్నాడు. ఎదురుగా ఎవరి మొహమూ ఉండదు కదా, ఆపమనేవాడు కూడా ఉండడు, అని కాసేపాగి తనే అన్నాడు.

కనుమ నాడు అమ్మమ్మ చాప మీద చోటు చూపించి, "కూచోరా, పిక్కలే కదా" అంది. అత్త వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. ఎవరూ ముక్కలు ఎత్తలేదు.

"నువ్వాడు నానమ్మా. లెక్క నేను రాస్తా" అన్నాడు బావ.

అత్త లోపలికెళ్లి పాల లెక్కల పుస్తకం, పెన్నూ తెచ్చిచ్చింది. ఆట సాయంత్రం దీపాలు పెట్టేదాకా నడిచింది. ఒక ఆటలో అమ్మమ్మ ముక్కలు పరిచి, "పదిహేను రాయి" అంది. బావ వంగి చూశాడు.

"ఇరవై నాలుగు. ఆసుకి పది."

"ఆసంటే ఒకటే కదరా!"

"వరసలో ఒకటి, కౌంటులో పది. ఆ రూలు నాకు నేర్పింది నువ్వే."

అమ్మమ్మ గొణుక్కుంటూ పిక్కలు లెక్కపెట్టి ముందుకి తోసింది.