మా కుక్క ఏమీ చెయ్యదండీ!

సంఘ కుటుంబాలను దర్శించడానికి వెళ్ళినప్పుడు చాలా గేట్ల దగ్గర మాకు వినబడే మాట ఇది. కుక్క మొరుగుతూ మీదికి వస్తుంటే, ఇంటివారు అరుగుమీద నుండే నవ్వుతూ ఈ మాట అంటారు. మేము పెద్దవాళ్ళము గనుక గొడుగు అడ్డం పెట్టుకొని కదలకుండా నిలబడగలము. చిన్న బిడ్డ అలా నిలబడడు, పరుగెత్తుతాడు. పరుగెత్తేవాణ్ణి తరమడం కుక్క నైజం. ఇంట్లోవారి చేతి అన్నం తినే కుక్క ఇంట్లోవారిని ఏమీ చెయ్యకపోవచ్చు. వీధిలో పోయే పరాయి బిడ్డ సంగతి దానికేమి తెలుసు?

గత వేసవిలో మా సంఘస్థుల ఇంటి కుక్క ఒకటి గేటు తీసి ఉండగా వీధిలోకి వచ్చి, కొట్టుకు పెరుగు కోసం వెళ్తున్న ఏడేళ్ళ బాబు పిక్క పట్టుకున్నది. ఆ బాబు తల్లిదండ్రులూ మా సంఘంవారే. తండ్రి తాపీ పని చేస్తాడు. కుక్క యజమాని అన్న మొదటి మాట, "వాడే రాయి విసిరి ఉంటాడు" అని. చుట్టుపక్కలవారు గాయానికి పసుపు, కారం అద్దారు. మేము వెళ్ళి బాబును కుళాయి దగ్గర కూర్చోబెట్టి, సబ్బుతో పావుగంటసేపు కడిగించి ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళాము. మొదటి రోజున, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు సూదులు వేయాలన్నారు. సూదులు ఉచితమే. కాని వెళ్ళిన ప్రతిసారీ తండ్రికి ఆ రోజు కూలి పోయింది.

తరువాత ఆదివారం ఆ తండ్రి ఆరాధనకు రాలేదు. మేము యజమాని ఇంటికి వెళ్ళి నిర్గమకాండము 21వ అధ్యాయములోని ఎద్దు విషయం జ్ఞాపకం చేశాము. పొడిచే అలవాటున్న ఎద్దు అని ముందే తెలిసి కూడా కట్టివేయని యజమానిని మోషే ధర్మశాస్త్రం ఎద్దుతో సమానంగా దోషిగా ఎంచింది. నేటి చట్టమూ ఇంచుమించు అదే చెబుతున్నది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన జంతువు వలన మనుష్యులకు అపాయం కలుగకుండా జాగ్రత్తపడని యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఆయన మొదట కోపపడ్డారు. రెండు రోజులు ఆలోచించుకొని, పోయిన కూలి తానే తీసుకువెళ్ళి ఇచ్చారు. 28వ రోజు సూదికి బాబును తన స్కూటరు మీద ఎక్కించుకొని వెళ్ళారు. ఇది మంచి పనే. అయినా బాబు నేటికీ ఆ వీధిన నడవడు, చుట్టు తిరిగి బడికి వెళ్తున్నాడు. కూలి డబ్బు తిరిగి ఇవ్వవచ్చు గాని ఆ బిడ్డ ధైర్యాన్ని ఎవరు తిరిగి ఇవ్వగలరు? అందుకే యజమాని బాధ్యత కరిచిన తర్వాత కాదు, కరవకముందే మొదలవుతుంది.

ప్రియ పాఠకులారా, కుక్కను పెంచడం తప్పు కాదు. అయితే వీధిలోకి తీసుకువెళ్ళేటప్పుడు గొలుసు మీ చేతిలో ఉండాలి. ఆ గొలుసును కుక్కను ఆపలేని చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. మీదపడే స్వభావం ఉంటే మూతికి బుట్ట కట్టండి. ఏటేటా రేబిస్ టీకా వేయించి చీటీ దాచండి. ఒకవేళ కరిస్తే, బిడ్డది తప్పని వాదించడం మాని ముందు గాయం కడిగించండి, ఆసుపత్రికి మీరే తీసుకువెళ్ళండి. మీ కుక్కకు టీకా అయిందని చెప్పి వారి వైద్యం ఆపించకండి. రేబిస్ లక్షణాలు బయటపడిన తర్వాత బ్రదికించడం దాదాపు అసాధ్యం. భయపడి కుక్కను ఎక్కడో వదిలివేయకండి. పది రోజులు కట్టి ఉంచి, అది ఎలా ఉన్నదో వైద్యునికి తెలియజేయండి.

ఈ సాయంకాలమే మీ గేటు గడియ సరిగా పడుతున్నదో లేదో చూడండి. బడి వదిలే వేళకు అది వేసి ఉండాలి.