రెండు కార్లు - ఇల్లాలి యనుభవము

కార్లను గూర్చిన ముచ్చట పురుషులకే చెల్లునని పలువురు తలంతురు. కాని యింటికి కారు వచ్చినచో ఇల్లాలి దినచర్యయు మారును. ఆళ్లగడ్డలోని మా యింట రెండు కాలములకు చెందిన రెండు కార్లుండెను: మొదటిది అంబాసిడరు, రెండవది మారుతి 800. వాని గుణదోషములను నేనెరిగినంతవరకు విన్నవించెదను.

ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును మాదిరిగా గొని, 1957 మొదలుకొని పశ్చిమ వంగమందలి ఉత్తర్‌పారాలో అంబాసిడరును తయారుచేసిరి. దాని బరువు 1100 కిలోలకు పైమాటయే. మా బండికి ముందు సీటు పలకవలె నొకటే యగుటచే నందును ముగ్గురు కూర్చుండెడివారు. అహోబిలమునకు బయలుదేరినచో అత్తగారు, తోడికోడళ్లు, పిల్లలు, పులిహోర గిన్నెలు అన్నియు నందే యిమిడెడివి. గతుకుల బాటలో సైతము ఒడలు నొచ్చెడిది కాదు. 1991లో నంద్యాల ఉపయెన్నికలో గెలుపొందిన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారి కాలమునను మంత్రులకు, అధికారులకు అదియే వాహనము. అయితే స్టీరింగు త్రిప్పుటకు బలము కావలెను. డ్రైవరు రానిదే బండి కదలదు. స్త్రీలకు వెనుక సీటే గతి.

మారుతి 800, జపాను దేశపు సుజుకీ వారి తోడ్పాటుతో, 1983 డిసెంబరులో గుర్గావ్ కర్మాగారము నుండి వెలువడెను. ఇంజను 796 సి.సి.; బరువు సుమారు 650 కిలోలు. నలుగురెక్కిన పిమ్మట ఐదవవారికి ఇరుకే. డిక్కీలో రెండు పెట్టెలు పట్టుట గగనము. కాని స్టీరింగు తేలిక. నలుబదియవ యేట, తెల్లవారుజామున పొలము బాటపై, నేను దానిని తోలుట నేర్చుకొంటిని. వీధివారు నవ్విరి, అత్తగారును మూతి ముడిచిరి.

ఒక వానాకాలపు రాత్రి అత్తగారికి ఊపిరి సలుపలేదు. మావారు ఊర లేరు. డ్రైవరు స్వగ్రామమునకు పోయియుండెను. అంబాసిడరు వాకిటనే నిలిచియున్నను తోలువారు లేరు. ఆమెను మారుతిలో కూర్చుండబెట్టి, తోడికోడలిని ప్రక్కన నుంచి, శిరివెళ్ల మీదుగా నంద్యాల వరకు సుమారు 40 కిలోమీటర్లు నేనే తోలితిని. సకాలమున వైద్యమందినది. మరునాడామె నా చేయి పట్టుకొని, “అమ్మాయీ, చిన్నకోడలికిని నేర్పుము” అనిరి.

2014 జనవరిలో మారుతి 800, మే నెలలో అంబాసిడరు తయారీ నిలిచిపోయెను. బంధుసమేతముగ సుఖప్రయాణమునకు అంబాసిడరే మేలని నేటికిని చెప్పుదును. కాని కారు కొనుటకు ముందు, ఇంటి స్త్రీలు దానిని తోలగలరా యని తప్పక విచారింపుడు. పదునెనిమిదేండ్లు నిండిన యాడపిల్లకు లైసెన్సు ఇప్పింపుడు. ఆపదవేళ డ్రైవరు కొరకు వీధి వైపు చూడవలసిన యగత్యము తప్పును.