చూడని ఎపిసోడు

ఫిజిక్స్ ల్యాబ్‌లో నేను తరచు అనే మాట ఒకటుంది. "చూసిందే రాయండి. చూడనిది రికార్డులో కనిపిస్తే సంతకం పెట్టను." పోయిన సంవత్సరం సెకండియర్ కుర్రాడొకడు తియ్యని రీడింగు తీసినట్టు రాసి పట్టుబడ్డాడు. నలుగురి ముందూ గట్టిగానే చీవాట్లు పెట్టాను. సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ వారు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది వాడే. ఎందుకో చెబుతాను.

పాఠం బరువెక్కినప్పుడు నేను కథల్లోకి దిగుతానన్న సంగతి నా విద్యార్థులందరికీ తెలిసిందే. ఆ కథల్లో నాకు మహా ఇష్టమైనది 'ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్'. 1953 జులై 18 నుంచి ఆగస్టు 22 దాకా, శనివారం శనివారం, బి.బి.సి. టెలివిజన్‌లో వచ్చిన ఆరు భాగాల నాటకం. రచన నైజెల్ నీల్, దర్శకత్వం రుడాల్ఫ్ కార్టియర్. ముగ్గురితో అంతరిక్షంలోకి వెళ్ళిన రాకెట్టు తిరిగొచ్చి లండన్‌లో ఓ ఇంటి మీద కూలుతుంది. తలుపు తెరిస్తే ఒక్కడే బయటపడతాడు. మిగతా ఇద్దరి దుస్తులుంటాయి, మనుషులుండరు. అప్పటికింకా స్పుత్నిక్ కూడా ఎగరలేదు సుమండీ!

బతికొచ్చినవాడు రోజురోజుకీ మనిషి కాకుండా పోతాడు. ఆఖరి భాగంలో వెస్ట్‌మిన్‌స్టర్ ఎబీ చర్చిలో, మొక్కో జంతువో తెలియని ఒక పెద్ద జీవి అయిపోతాడు. అంతకు రెండున్నర నెలల ముందే, జూన్ 2న, ఎలిజబెత్ రాణి పట్టాభిషేకాన్ని జనం టీవీలో చూసింది ఆ చర్చిలోనే. ప్రొఫెసర్ క్వాటర్‌మాస్ దాని ఎదుట నిలబడి, అందులో కలిసిపోయిన ముగ్గురితోనూ మాట్లాడతాడు. మీలో ఇంకా మనిషి మిగిలే ఉన్నాడు, ఎదురు తిరగండి అని బతిమాలతాడు. వాళ్ళు వింటారు. జీవి చస్తుంది.

ఈ సీను నేను ఎన్నో బ్యాచీలకు అభినయించి చూపించాను. క్వాటర్‌మాస్ వేసిన రెజినాల్డ్ టేట్ ముఖం మీద పడ్డ నీడ, గొంతులో వణుకు, అన్నీ.

చీవాట్లు తిన్న ఆ కుర్రాడే డిస్కులు అడిగి పట్టుకెళ్ళాడు. మూడు క్వాటర్‌మాస్ సీరియళ్ళూ కలిపి 2005లో బి.బి.సి. వాళ్ళు విడుదల చేసిన డి.వి.డి. సెట్టు అది. వారం తిరిగేసరికి స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, చర్చి సీను లేదండీ."

"సరిగ్గా చూశావుటోయ్?"

"మొదటి సీరియల్లో రెండు భాగాలే ఉన్నాయండీ. 1955లో వచ్చిన సినిమా కూడా చూశాను. అందులో చర్చి ఉంది గానీ, మాట్లాడ్డం లేదండీ. కరెంటు పెట్టి చంపేస్తారు."

వాడి ముఖంలో వెటకారమేమీ లేదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఆ రాత్రి డిస్కు వేసుకుని కూర్చున్నాను. వాడు చెప్పింది నిజం. ఆ నాటకాన్ని అలెగ్జాండ్రా ప్యాలెస్ స్టూడియోలో ఆడుతూండగానే ప్రసారం చేశారు. దాచుకోవాలంటే టీవీ తెర ముందు ఫిల్ము కెమెరా పెట్టి ఆ తెరనే తియ్యాలి. మొదటి రెండు భాగాలకూ అలా తీశారు. రెండోదాంట్లో తెర మీద వాలిన పురుగొకటి నటులతోపాటు శాశ్వతమైపోయింది! బొమ్మ నాణ్యత బాగాలేదని మిగతా నాలుగింటికీ ఆ పని మానేశారు. పాత సినిమా అయితే ఏ అటక మీదో రీలు దొరుకుతుందని ఆశపడొచ్చు. వీటికి రీలే లేదు. ఆ జీవి కూడా ఏమిటనుకున్నారు? చర్చి ఫోటోను పెద్దది చేసి, దానికి కన్నాలు పెట్టి, ఆకులూ అలములూ అంటించిన తొడుగులతో రచయిత నీల్ తానే చేతులు దూర్చి ఆడించాడు. ఆ చేతుల్ని కూడా నేను చూసినట్టే చెప్పేవాణ్ణి.

ఉన్న రెండు భాగాల్లో మొదటిది ఇప్పటికీ దివ్యంగా ఉంది. కంట్రోల్ రూంలో మనుషులు యంత్రాల వంక చూస్తూ ఎదురుచూడ్డం తప్ప చాలాసేపు ఏమీ జరగదు. అయినా లేవబుద్ధి కాదు. ఇల్లు కూలిన ముసలావిడకి రాకెట్టు సంగతి పట్టదు, తన పిల్లి గురించే బెంగ. ఇంత బాగున్నదాన్ని వదిలేసి లేనిదాన్ని ఎందుకు మోశానో!

మరి నేను చూసిందేమిటి? పోయిన నాలుగు భాగాల స్క్రిప్టులు ఆ డిస్కులోనే పి.డి.ఎఫ్.లుగా ఉన్నాయి. 2006లో, క్వార్టర్సులో నాతో ఉండే ఇంగ్లీషు శాఖ మిత్రుడూ నేనూ వాటిని ప్రింటు తీసుకుని, కరెంటు పోయిన రాత్రుళ్ళు ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని వేషాలు పంచుకుని చదివాం. నీడ మా గోడ మీదిది. గొంతు అతనిది. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉన్న అతనికి ఆ రాత్రే ఫోన్ చేశాను.

"క్వాటర్‌మాస్ ఎంత బాగా చదివావు గురూ!"

"నేనా? ఆ వేషం నువ్వు వదిలితేగా. పోలీసుల దగ్గర్నుంచి పిల్లి దాకా అన్నీ నాచేతే చదివించావు."

"పిల్లి ఉన్నది మొదటి భాగంలో. అది మనం చదవలేదు."

"చదివాం. నాకు బాగా గుర్తు."

మర్నాడు ఆ కుర్రాణ్ణి పిలిచి, ల్యాబ్‌లో నలుగురూ ఉండగానే సంగతంతా చెప్పాను. వాడు స్క్రిప్టు కాగితాలు అడిగాడు. పసుపెక్కిన ఆ కట్ట ఇచ్చాను. వచ్చే శుక్రవారం రాత్రి హాస్టల్లో మూడో భాగం నుంచి చదువుతారట, నన్నూ రమ్మన్నారు. క్వాటర్‌మాస్ వేషం మాత్రం వాడే తీసుకున్నాడు.