ఇరవై ఎనిమిది మూరల కష్తీ

మా అబ్బాకి పడవ ఉండేదంటే చాలామంది నమ్మరు. ముసల్మాన్ అనగానే పంక్చర్ షాపో, బిర్యానీ సెంటరో, పాత సామాన్ల బండో గుర్తొచ్చే దునియా ఇది. "పడవా? మీకా?" అంటారు. ఔను, మాకే. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర బకింగ్‌హాం కాలువలో ఉప్పు బస్తాలు, సరుగుడు కట్టెలు వేసుకుని మద్రాసు దాకా పోయొచ్చిన కొయ్య పడవ. అరవైల్లో మా దాదా చేయించాడు. అబ్బా పన్నెండో ఏట దాదాతో కలిసి పాత పడవ తాడు లాగడం మొదలుపెట్టి, ఆ కొత్త పడవకి మాలిక్ అయ్యాడు. నేను పుట్టేనాటికి అది లేదు. ఫొటో లేదు, కాగితం లేదు. ఇంట్లో ఎవరూ దాని జిక్రు తెచ్చేవాళ్ళు కాదు.

అబ్బాకి ఇప్పుడు డెబ్బై ఎనిమిది. పొద్దున తిన్న నాష్తా సాయంత్రానికి యాదుండదు. కానీ ఏ లాకు దగ్గర ఎంతసేపు ఆగేవాళ్ళో, ఏ గట్టు మీద మంచినీళ్ళ బావి ఉండేదో గడగడా చెప్తాడు. ఆ యాద్ కూడా ఎప్పుడు జారిపోతుందో తెలీదు. అందుకే రెండేళ్ళ కింద ఇరాదా చేసుకున్నా, ఆ పడవకి నమూనా చేయాలని. బజార్లో దొరికే షోకేసు బొమ్మ కాదు. కొలత తప్పని నమూనా. అరంగుళానికి ఒక అడుగు లెక్కన.

ముందు ఆ కాలువ సంగతి నాలుగు మాటల్లో చెప్తాను. 1806లో బేసిల్ కొక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన చిన్న కాలువతో ఇది మొదలైంది. తర్వాత సర్కారు వాళ్ళు తీసుకుని పులికాటు, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా ఉత్తరానికి పెంచుకుంటూ పోయారు. 1876-78 కరువులో, మనవాళ్ళు ధాత కరువు అంటారే అందులో, ఆకలితో ఉన్న జనానికి పని చూపించే పేరుతో మద్రాసు ఊళ్ళో మిగిలిన ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు దానికొచ్చింది. పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు. అందులో సగం కన్నా ఎక్కువ మన ఆంధ్ర ఒడ్డునే. సముద్రానికి సమాంతరంగా పోయే ఉప్పునీళ్ళ కాలువ కాబట్టి అబ్బా దాన్ని ఉప్పుకాలువ అంటాడు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి లేకపోతే ఇద్దరు మనుషులు గట్టెక్కి భుజానికి తాడేసుకుని లాగేవాళ్ళు. లోతు తక్కువ చోట గడ వేసి నెట్టేవాళ్ళు. అందుకే పడవ అడుగు బల్లపరుపుగా ఉండేది.

ఇక పైమాయిష్ దగ్గరికి వద్దాం. అబ్బాకి నక్షా చదవడం రాదు. పడవ చేసిన వడ్రంగి కూడా నక్షా చూసి చేయలేదు. అబ్బా చెప్పిన కొలతలు ఇవీ: "పొడవు ఏడు బారలు, వెడల్పు ఆరు మూరలు, లోతు రెండు మూరల జాన." నేను రాసుకున్నా. బార అంటే నాలుగు మూరలు. మూర అంటే మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా. జాన అంటే అందులో సగం. బాగానే ఉంది. కానీ ఎవరి మోచెయ్యి? టేపు తీసి అబ్బా చెయ్యి కొలిచా. పదిహేడున్నర అంగుళాలు వచ్చింది. నాది పద్దెనిమిదిన్నర. ఒక్క అంగుళం తేడానే కదా అంటారేమో. ఇరవై ఎనిమిది మూరల మీద అది రెండడుగుల పైమాటే.

ఈ చిక్కు విప్పింది మా ఇంటి అటక. పాత ఇంట్లో అటక మీద వంట పాత్రలు పెట్టుకునే టేకు పలక ఒకటుంది. వెడల్పు పదకొండు అంగుళాలు. చిన్నప్పుడు దాని మీంచి దేగ్చీలు దించి అమ్మీకి అందించిన రోజులు నాకు యాదున్నాయి గానీ, అది పడవ పలక అని ఎవరూ చెప్పలేదు. అబ్బాని అడిగితే, "అదేరా, మిగిలింది అదొక్కటే" అన్నాడు మామూలుగా. నిచ్చెన వేసుకుని టార్చి లైటుతో చూశా. పలక పొడవునా మేకుల బెజ్జాలు, జతలు జతలుగా. చుట్టూ ఇనుప తుప్పు దిగి నల్లగా మారిన కొయ్య. లోపల వంపు కర్ర ఉన్నచోటల్లా పైన ఒక మేకు, కింద ఒక మేకు. ఒక జత నుంచి ఇంకో జతకి టేపు పెట్టా. పద్దెనిమిది అంగుళాలు. మళ్ళీ పద్దెనిమిది. మళ్ళీ పద్దెనిమిది.

ఆ మూర మా అబ్బాది కాదు, దాదాది కాదు. పడవ చేసిన వడ్రంగిది. అతను చెయ్యి ఆనించి గీత పెట్టుకున్న జాగాలోనే మేకు దిగింది. అతని పేరు మాకు మాలూం లేదు. "తాళ్ళరేవు దిక్కునుంచి వచ్చినోడు" అని మాత్రం అబ్బాకి యాద్. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో తాళ్ళరేవు, కోరంగి కొయ్య పడవలకి, ఓడలకి పేరున్న ఊళ్ళు కాబట్టి అయ్యుండొచ్చు. పేరు తెలీని ఆ మనిషి మోచెయ్యి నలభై ఏళ్ళకి పైగా మా వంట పాత్రల కింద ఉంది. ఇక హిసాబ్ కుదిరింది. పొడవు నలభై రెండు అడుగులు, వెడల్పు తొమ్మిది. వంపు కర్రలెన్ని అంటే అబ్బా తడుముకోకుండా "ఇరవై ఏడు" అన్నాడు. రెండు కర్రల మధ్య సందు లెక్కన ఉప్పు బస్తాలు పేర్చేవాళ్ళట. ఆ లెక్క తప్పితే షావుకారు దగ్గర తిట్లు తప్పవు. ఇరవై ఏడు కర్రలకి ఇరవై ఎనిమిది సందులు. సందుకో మూర. పొడవు తానంతట తానే సరిపోయింది.

డెస్కులో నైట్ డ్యూటీ చేసేవాడికి పగలు కాస్త ఖాళీ ఉంటుంది. పది నెలలు బాల్కనీలో కూర్చున్నా. పాత తలుపు టేకుని మిషన్‌లో పలచగా కోయించి, వేడినీళ్ళలో నానేసి, సీసాకి కట్టి వంచా. వంపు కర్రలకి నల్లతుమ్మే వాడా. అసలు పడవలోనూ అదే. తుమ్మ కొమ్మ పుట్టుకతోనే వంకర కాబట్టి, కోసి వంచడం కన్నా వంగిన కొమ్మని ఏరుకోవడం తెలివి అని అబ్బా మాట. మూర దూరం నా నమూనాలో ముప్పావు అంగుళం అయింది. తెరచాప కొయ్యకి సరుగుడు పుల్ల. తెరచాపకి అబ్బా పాత లుంగీ ముక్క. మొత్తం ఇరవై ఒక్క అంగుళాల పడవ.

చేస్తున్నంతసేపూ ఇంకో చిక్కు నన్ను వదల్లేదు. నేను ఉర్దూ మీడియం బడిలో చదువుకున్నవాణ్ణి. కష్తీ, బాద్బాన్, పత్వార్, నాఖుదా, సాహిల్... ఈ లఫ్జులన్నీ నాకు కితాబుల్లోంచే వచ్చాయి. ఉర్దూ షాయరీలో కష్తీ ఎప్పుడూ తూఫాన్‌లోనే ఉంటుంది. మునగబోతూనే ఉంటుంది. సాహిల్ కనిపిస్తూనే ఉంటుంది, అందదు. ఒకరోజు అబ్బాతో "కష్తీ కా బాద్బాన్ కిత్నా ఊంచా థా?" అన్నా. అబ్బా నా మొహం చూసి నవ్వాడు. "కష్తీ నై రే, పడవ బోల్. బాద్బాన్ క్యా? తెరచాప బోల్."

ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఉర్దూ మాట్లాడే మనిషి, పడవెక్కితే తెలుగువాడు. పడవ, తెరచాప, గడ, గట్టు, పోటు, పాటు. ఉర్దూలో వాటికి మాటల్లేక కాదు. అబ్బాకి వాటితో పని పడలేదు. తాడు లాగే జతగాడు పట్టపోళ్ళ మనిషి. బస్తాలు ఎత్తేవాళ్ళు ఎస్సీ పేట వాళ్ళు. లాకు దగ్గర తలుపు తెరిచే మనిషిదీ తెలుగే. కూలీ, కష్టం, గాలి, నీళ్ళు అన్నీ తెలుగులోనే నడిచాయి.

డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి కాబట్టి ఇంకొంచెం తవ్వా. అబ్బా అచ్చ తెలుగనుకుని చెప్పే మాటల్లో చుక్కాని ఉంది. అది అరబ్బీ సుక్కాన్. లంగరు ఫార్సీ. ఆఖరికి తుఫాను కూడా అరబ్బీ సముద్రం దాటి వచ్చిందే. ఎన్నో వందల ఏళ్ళ కింద ఈ ఒడ్డుకి వచ్చిన మల్లాహ్‌ల నోట్లోంచి జారిన లఫ్జులు, చేపలు పట్టేవాళ్ళ నోట్లో పడి, నానిపోయి, తెలుగైపోయి, మళ్ళీ మా అబ్బా నోట్లోకి వచ్చాయి. "చుక్కాని మన మాటే అబ్బా" అంటే, "మరి ఇన్నాళ్ళూ ఎవరి మాటనుకున్నావు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పడవ పూర్తయ్యాక తెచ్చి అబ్బా ఒళ్ళో పెట్టా. ఆపరేషన్ అయినా చూపు మసకే. వేళ్ళతోనే చూశాడు. ముక్కు దగ్గర మొదలుపెట్టి ఒక్కో వంపు కర్రా తడుముతూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఇరవై ఏడు. తర్వాత ఎత్తి వాసన చూశాడు. "గుగ్గిలం వాసన లేదు" అన్నాడు. పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం పొడి నూనెలో కాచి పూస్తే గానీ నీళ్ళు ఆగవు. ఏటేటా పడవని గట్టెక్కించి చేయాల్సిన పని అది. మర్నాడు గుగ్గిలం తెచ్చి చిన్న గిన్నెలో కాచా. ఇల్లంతా ఆ వాసన. అబ్బా కుర్చీ దగ్గరికి లాక్కుని పుల్లతో తనే పూశాడు. పూస్తూ పూస్తూ, నలభై ఏళ్ళకి పైగా మూసిన నోరు తెరిచాడు.

1965-66 తుఫానులకి కాలువ దెబ్బతింది. 1976 తుఫానుకి ఇంకా పాడైంది. గట్లు తెగాయి, పూడిక చేరింది. అప్పటికే మద్రాసు రోడ్డు మీద లారీలు ఉప్పుని ఒక్క రాత్రిలో చేరుస్తున్నాయి. పడవకి బేరాల్లేవు. గుగ్గిలానికి కూడా ఖర్జు చేయాల్సిన రోజులు. నీళ్ళలో ఆడని పడవ ఎండకి నెర్రెలిస్తుంది. చివరికి విప్పేశారు. టేకు పలకలు తలుపుల కోసం ఒకడు కొన్నాడు. నల్లతుమ్మ వంపు కర్రలు ఇటుక బట్టీకి పోయాయి.

"తోల్ కే బేచ్ దియా రే," అన్నాడు అబ్బా. తూకం వేసి అమ్మేశానురా అని. జిందగీ అంతా కట్టెలు మోసిన పడవ కట్టెల లెక్కనే పోయింది. తూకం దగ్గర నిలబడి ఇరవై ఏడూ లెక్కపెట్టాడట. ఒక్క పలక మాత్రం అమ్మనని, భుజాన పెట్టుకుని నడిచి ఇంటికొచ్చాడట. అమ్మీ దాన్ని అటక మీదికి ఎక్కించింది. అంతే, ఆ రోజు నుంచి ఖామోషీ. కూలికి పోయి మమ్మల్ని పెంచాడు గానీ పడవ పేరెత్తలేదు.

2004 సునామీలో అలల జోరుని కొంత ఈ కాలువే మింగిందని అన్నారు. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారు. కృష్ణపట్నంలో ఇప్పుడు పెద్ద ఓడలొచ్చే పోర్టు ఉంది. మళ్ళీ ఏ పడవలొచ్చినా అవి ఇనుపవే అయ్యుంటాయి. వాటి కొలతలు కంప్యూటర్లో ఉంటాయి. మంచిదే.

నా దగ్గర ఇప్పుడొక నోటుబుక్ ఉంది. పడవ భాగాల పేర్లు ముప్పై ఒకటి, ఒక పక్క తెలుగు లిపిలో, ఒక పక్క ఉర్దూ లిపిలో. కొన్నింటికి ఉర్దూ గడి ఖాళీగానే ఉంది. ఉండనీ. అందులో ఇరవై దాకా ఒక్క వారంలోనే వచ్చాయి, గుగ్గిలం కాచిన వారంలో. అంతకు ముందు ఏడాదిన్నర నేను ప్రశ్నలు అడిగినా రానివి అవి.

అందుకని దోస్తులారా, ఒక మాట. మీ ఇంట్లో మగ్గం నేసిన అబ్బా ఉండొచ్చు, కళాయి పూసిన చాచా ఉండొచ్చు, బీడీలు చుట్టిన నానీ ఉండొచ్చు. మైకు పెట్టి మీ హునర్ గురించి చెప్పమంటే "ఏముందిరా చెప్పడానికి" అంటారు. వాళ్ళ చేతికి ఏదైనా ఇవ్వండి. ఆకు, దారం, తగరం, ఏదో ఒకటి. ఇచ్చి పక్కన కూర్చోండి.