నడుం వంగితే వయసే అనుకోవద్దు

మా పాడేరు కొండల్లో ముసలమ్మ నడుం వంగితే ఎవరూ వింతగా చూడరు. "కట్టెలు మోసింది, నీళ్ళు మోసింది, వంగదా మరి" అంటారు. పడి చెయ్యి విరిగితే "కాలు జారింది" అంటారు. తుంటి విరిగి మంచాన పడితే "వయసైపోయింది" అంటారు. మూడింటికీ మూడు కారణాలు చెప్పుకుంటాం. చాలాసార్లు మూడింటి వెనకా ఒకటే జబ్బు ఉంటుంది. ఎముకలు గుల్లబారడం.

"ఎముకలు అరిగిపోయాయి" అని అన్నిటికీ ఒకే మాట వాడేస్తాం. అరగడం వేరు, గుల్లబారడం వేరు. అరిగేది కీళ్ళ దగ్గర. నొప్పి పెడుతుంది కాబట్టి తెలుస్తుంది. గుల్లబారేది ఎముక లోపల. చెదపట్టిన దూలం పైకి బాగానే ఉన్నట్టు, విరిగేదాకా నొప్పి తెలియదు. వెన్నుపూసలైతే లోపలికి నలిగిపోతాయి. ఒక్కొక్కటీ నలిగేకొద్దీ మనిషి పొట్టి అవుతుంది, వీపు గూనవుతుంది.

నాకు ఇది మా అమ్మ వల్ల తెలిసింది. రెండేళ్ళ కిందట ఇంటి అరుగు ముందు నిలబడ్డచోటే తూలి చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరుగారు "నిలబడ్డ ఎత్తు నుంచి పడితే గట్టి ఎముక విరగకూడదమ్మా, డెక్సా స్కాన్ తీయించండి" అన్నారు. ఆ మెషీన్ మా కొండల మీద లేదు. ఘాట్ రోడ్డు దిగి విశాఖ వెళ్ళాం.

అమ్మ సూది గుచ్చుతారని భయపడింది. సూది లేదు. చీరకున్న పిన్నీసులు తీయించి, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద ఒక దిమ్మ పెట్టారు. పైన చెయ్యిలాంటిది మెల్లగా కదిలింది. నడుము, తుంటి చూశారు. పావుగంట కూడా పట్టలేదు. ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువ కిరణాలేనట. "ఇంతేనా అమ్మీ? దీనికోసమా నన్ను బస్సులో కుదిపేవు?" అంది.

రిపోర్టులో టీ స్కోరు మైనస్ 2.9 అని వచ్చింది. ఇరవైల్లో ఉన్న ఆరోగ్యమైన ఆడవాళ్ళ ఎముక సాంద్రతతో పోలిస్తే ఎంత తక్కువో చెప్పే లెక్క అది. మైనస్ 1 దాకా మామూలు, ఆ కింద మైనస్ 2.5 వరకు తగ్గుదల, మైనస్ 2.5, అంతకు దిగువైతే బోలు ఎముకల జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీత ఇది. ఆ పోలిక ఎక్కువ చోట్ల అమెరికాలోని తెల్లజాతి యువతుల ఎముకలతోనే చేస్తారు. పైగా ఈ మెషీన్ ఎముక వెడల్పును, పొడవును కొలుస్తుంది గానీ లోతును కొలవదు. మావంటి చిన్న ఒళ్ళున్న వాళ్ళ ఎముక ఉన్నదానికన్నా కొంచెం పలచగా కనబడుతుంది.

అయితే అది మన లెక్క కాదని రిపోర్టు పారేయమని నేను చెప్పను. అంకె మీద అనుమానం ఉండొచ్చు. విరిగిన మణికట్టు మీద అనుమానం ఏముంది? చిన్నగా పడితే విరిగిన ఎముకే పెద్ద సాక్ష్యం. అమ్మకు వారానికొక మాత్ర రాశారు. పరగడుపున గ్లాసెడు నీళ్ళతో మింగి అరగంట పడుకోకూడదు.

రోజూ పాలు తాగాలని కాగితం మీద రాసిచ్చారు. మాలో చాలా ఇళ్ళలో ఆవుపాలు దూడవే. మాకు కాల్షియం పాలలో కాదు, చోళ్ళలో ఉండేది. వంద గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటే, అంతే తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాముల లోపే. జీసీసీ డిపో బియ్యం వచ్చాక చోడి అంబలి ముసలివాళ్ళ తిండి అయిపోయింది. మా బడి పిల్లలు దాన్ని చూసి మొహం తిప్పుకుంటున్నారు. ఎముక గట్టిపడేది ఆ వయసులోనే.

నాకు ఎక్కువ భయం వేసేది ముసలమ్మల గురించి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 8.9 శాతం మందికి గర్భసంచి తీసేశారని తేలింది. దేశం మొత్తం మీద అది 3.2 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకను కాపాడే హార్మోను ఆ రోజుతోనే పోతుంది. అవి ఉంచినా ముట్లు ఆగే వయసు ముందుకు రావచ్చు. ముప్పై అయిదేళ్ళకే ఆపరేషనైన మా వదినకు ఎముకల మాట ఒక్కరూ చెప్పలేదు.

కాబట్టి మెషీన్ రాకముందే ఊళ్ళో అడగదగ్గవి కొన్ని ఉన్నాయి. చిన్నగా పడినా ఎముక విరిగిందా? మీ అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా? ముట్లు నలభై అయిదులోపే ఆగాయా, ఆపరేషన్‌లో ఏమేం తీశారు? చుట్ట కాలుస్తారా? కీళ్ళకనీ ఆయాసానికనీ నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడారా?

ఇంకొకటి మన బడిలోనే కొలవచ్చు. పిల్లల ఎత్తు చూసే గీతల దగ్గర అమ్మమ్మల్ని నిలబెట్టండి. తర్వాత చేతులు బారచాపమని కొలవండి. బార కొలత వయసులో ఉన్నప్పటి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. ఇప్పటి ఎత్తు దానికన్నా బాగా తక్కువుంటే వెన్నుపూసలు నలిగాయేమో చూడాలి. దానికి మామూలు ఎక్స్‌రే చాలు. క్యాంపుల్లో మడమ పెట్టించుకునే చిన్న పెట్టె డెక్సాకు సాటి రాదు. దాని అంకె చూసి పొడి డబ్బాలు కొనకండి.

తుంటి విరిగిన మనిషిని డోలీ కట్టి గెడ్డలు దాటించడం ఎంత కష్టమో మోసినవాళ్ళకు తెలుసు. మణికట్టు విరిగినప్పుడే పట్టించుకుంటే ఆ డోలీల్లో కొన్నైనా తప్పుతాయి. ఏజెన్సీ పెద్దాసుపత్రికి ఒక డెక్సా అడుగుదాం. ఈలోగా వచ్చే తల్లుల సమావేశంలో, ఆశా అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ప్రశ్నలు అడగడం మొదలుపెడదాం.