మా సువేగ

మానవుడు చేసిన వస్తువులకు సయితము బాల్యము, యౌవనము, వార్ధక్యము కలవు. వృద్ధులను ఆదరింపవలెనని మనమందఱము ఎఱుగుదుము. కాని వృద్ధమైన యంత్రమును పాత యినుపసామాను కొనువానికి తూచి యిచ్చుటకు ఎవరును సంకోచింపరు. అట్లు తూకమునకు పోవలసిన చిన్న బండి యొకటి మా యింట మరల నడచినది. అది నడచుటకు పట్టిన కాలమున నేను నేర్చినది కొంత కలదు.

మేము నివసించునది నిజాంపేట. 2019లో నగరపాలక సంస్థగా ఏర్పడిన ఆ యూరు నేడు మిన్నంటు భవనములతో నిండియున్నది. ప్రతి యుదయమున అచటనుండి వేలకొలది ఉద్యోగులు హైటెక్ సిటీకి తరలిపోవుదురు. మా పెదనాన్నగారు ఉపాధ్యాయులుగా నున్న కాలమున అది చెరువులనడుమ, పొలములనడుమ నున్న చిన్న పల్లె. పాఠశాలకు పోయి వచ్చుటకై వారు 1974లో ‘సువేగ’ యను మోపెడ్డును కొనిరి. వారు గతించిన పిమ్మట అది మెట్లక్రింద చాలకాలము దుమ్ము పట్టి పడియుండెను.

మోటారును, పెడళ్లును రెండును గల బండిని మోపెడ్డు అందురు. సువేగ మన తెలుగు నేలపై, తిరుపతిలో తయారైనది. ఫ్రాన్సు దేశమందలి మోటోబెకాన్ సంస్థ 1949లో వెలువరించిన మోబిలెట్ దానికి మాతృక. ఆ సంస్థ సహకారముతో మోపెడ్స్ ఇండియా వారు దానిని నిర్మించిరి. 1972లో లూనాయు, 1980లో టి.వి.ఎస్. 50యు రాకమునుపే సువేగ మన వీథులలో తిరుగుచుండెను. దాని యింజను 50 సి.సి.కి మించదు. గేర్లు మార్చు పని లేదు. పెట్రోలులో నూనె కలిపి పోసి, పెడళ్లు త్రొక్కినచో ఇంజను మేల్కొనును. ఇంజను చాలించుకొన్నచో సైకిలువలె త్రొక్కుకొని యిల్లు చేరవచ్చును.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మేనల్లుడు ఒకనాడు ఆ బండిని బయటకు లాగి తుడిచెను. “మామా, దీనిని బాగుచేయింతము. ఈ చిన్న యింజను తీసివేసి నూఱు సి.సి. యింజను పెట్టించిన గాలివలె పోవును” అనెను. ఆ మాట వినుచున్న వృద్ధ మెకానిక్కు నవ్వెను. మా పేటలో అందఱు ఆయనను ఉస్తాదు అని పిలుతురు. “బేటా, పెద్ద యింజను పెట్టుట రెండు దినముల పని. కాని యీ సన్నని చక్రములకు, ఈ చిన్న బ్రేకులకు ఆ వేగమును ఆపు శక్తిని ఎచటనుండి తెత్తువు?” అని యాయన అడిగెను. బాలుడు బదులు చెప్పలేకపోయెను. బ్రేకులనుండి ఆలోచింపనివాడు ఇంజనునుగూర్చి మాటాడరాదని నాకు ఆనాడు బోధపడినది.

తరువాత విడిభాగముల వేట ఆరంభమైనది. పిస్టను అరిగినది, సిలిండరు లోపలి గోడ గీతలు పడినది. సిలిండరును కొంచెము పెద్దదిగా బోరింగు చేయించి, ఆ కొలతకు సరిపడు పిస్టను వేయవలెను. ఇందు వెండ్రుకవాసి తేడా వచ్చినను ఇంజను వేడెక్కి బిగిసిపోవును. పిస్టనుకై సికింద్రాబాదులోని రాణిగంజిలో దుకాణము తరువాత దుకాణము తిరిగితిమి. ‘లేదు’ అను మాటయే పలుమార్లు వింటిమి. తుదకు ఒక వృద్ధ వర్తకుడు నిచ్చెన యెక్కి, అటకమీద నూనెకాగితములో చుట్టి పెట్టిన పిస్టనును తీసి యిచ్చెను. పురానాపూల్ సమీపమున గురువారము నాడు జరుగు జుమ్మెరాత్ బజారులో దీపపు గాజు లభించినది. ఎచటను దొరకని యొక కంచు బుష్షును పాతదాని కొలత తీసికొని బాలానగరులో లేతుపై చేయించితిమి. దొరకునది వెదకుటయు, దొరకనిది చేయుటయు వేఱువేఱు విద్యలు. పాత బండికి రెండును కావలెను.

ఇట్టి వేట మనకే ప్రత్యేకము కాదు. మంచు కురియు ఉత్తర అమెరికాలో జనులు స్కీలపై జాఱు మోటారుబండ్లు నడుపుదురు. 1972లో అమెరికాలోని ఆర్కిటిక్ క్యాట్ సంస్థ బాలురకై ‘కిట్టీ క్యాట్’ అను చిన్న మంచుబండిని చేసెను. ఒకనాడు తాము నడిపిన యా బండ్లకు విడిభాగములు సేకరించి, బాగుచేసి తమ పిల్లల చేతికిచ్చువారు అచట నేటికిని కలరు.

పాతదానిని ఉన్నదున్నట్లే నిలుపుట అన్నివేళల సాధ్యము కాదు. మన దేశమున పెట్రోలులో ఇథనాలు 2022 నాటికి నూటికి 10 పాళ్లును, 2025 నాటికి 20 పాళ్లును కలిసినది. పాత రబ్బరు దానికి ఉబ్బి చెడును. అందుచే ఉస్తాదు పెట్రోలు గొట్టమును, రబ్బరు వాషర్లను ఇథనాలుకు తట్టుకొను క్రొత్తవానితో మార్చెను. ఈ మార్పు బండి ఆయువును పెంచినది, దాని రూపమును చెఱుపలేదు. పెద్ద యింజను పెట్టియున్నచో అది సువేగ కాకపోవును. చట్టమును అట్లే చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, నమోదు పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశమునకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు.

అదే చట్టములో బాలునికి ఒక శుభవార్తయు కనబడినది. సాధారణముగా బండి నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండవలెను. కాని 50 సి.సి.కి మించని మోటారుసైకిలును తలిదండ్రుల యంగీకారముతో లైసెన్సు పొంది పదునాఱేండ్లకే నడుపవచ్చును. తాను చులకన చేసిన యా చిన్న యింజనే తనకు అందఱికంటె ముందు దారి తెఱచునని తెలిసికొని వాడు ఆశ్చర్యపడెను. ఆ పిమ్మట నూఱు సి.సి. మాట వాని నోట రాలేదు.

వానికి ఇంక రెండేండ్లు గడువు కలదు. బండిని తనిఖీ చేయించి, నమోదును పునరుద్ధరించు పనియు మాకు మిగిలియున్నది. అంతవరకు అది వీథిలోనికి పోదు. వాడు ఆదివారము నాడు ఉస్తాదు ప్రక్కన కూర్చుండి పాయింట్లు శుభ్రపఱచుట, కార్బొరేటరు విప్పి కడుగుట, గొలుసు బిగువు చూచుట నేర్చుచున్నాడు. ఉస్తాదు చేతులు ఇప్పుడు కొంచెము వణకుచున్నవి. ఆయనకు తెలిసినది ఏ పుస్తకములోను లేదు. అటకమీది పిస్టను నూనెకాగితములో ఎన్నేండ్లయినను భద్రముగా నుండును. చేతిలోని విద్య అట్లుండదు. దానిని మఱియొక చేయి అందుకొన్ననే అది నిలుచును.