బాడుగ పెంచనోడికి పన్నులో ఏమైనా తగ్గిస్తారా?

అన్నలారా, తమ్ముళ్లారా, ఈసారి చెనక్కాయ సంగతి కాదు, గది బాడుగ సంగతి.

తనకల్లులో కదిరి-మదనపల్లి రోడ్డు పక్కన మాకు ఒక గది ఉంది. మా నాయన కట్టించింది. ఏడేండ్లుగా అందులో ఒకాయన మోటార్ల వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. నెలకు 2,500. మొన్న సెల్‌ఫోన్ల షాపు పెడతామని ఇద్దరు వచ్చి 5,000 ఇస్తామన్నారు. నిజం చెప్తా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడాదికి 30,000 తేడా. పోయిన ఖరీఫ్‌లో చేను మీద నాకు అంత మిగల్లేదు.

కానీ ఆయన ఖాళీ చేస్తే కాలిన మోటారు కదిరికి ఎత్తుకుపోవాల. పోయిన మార్చిలో టమాటా కాయ మీద ఉన్నప్పుడు నా బోరు మోటారు కాలింది. పొద్దున ఇస్తే రాత్రికల్లా చుట్టి ఇచ్చినాడు. డబ్బులు పంట అమ్మినాక ఇమ్మన్నాడు. టౌన్‌లో ఆ మాట ఎవరంటారు?

చిన్న షాపులకు తక్కువ బాడుగకు ఇచ్చేవాళ్లకు సర్కారు పన్నులో ఏమైనా తగ్గిస్తుందా అని వెతికినా. నాకైతే ఒక్కటీ కనపడలేదు. మన రాష్ట్రం మున్సిపాలిటీల్లో ముందు ఆస్తి పన్ను ఏడాది బాడుగ విలువను బట్టి వేసేవాళ్లు. 2021 నుంచి ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. అంటే కదిరి బజారులో ఓనరు బాడుగ సగం చేసినా పన్ను అంతే. ఆదాయపు పన్ను ఇంకా విచిత్రం. ఆ జాగాకు రావాల్సినంత కన్నా తక్కువ తీసుకుంటే, రావాల్సిన దాన్నే లెక్కగట్టొచ్చంట. హైదరాబాదులో ఖాళీగా ఉన్న బిల్డింగుకు ఆస్తి పన్నులో సగం తగ్గించే రూలు ఉంది. తాళం వేసినోడికి తగ్గింపు, తక్కువకు ఇచ్చినోడికి లేదు!

తగ్గించడం తెలీక కాదు. మున్సిపాలిటీల్లో ఏడాది పన్ను ఏప్రిల్ 30 లోపల కడితే 5 శాతం రిబేటు ఇస్తారు కదా. మూడేండ్లు బాడుగ పెంచనని అగ్రిమెంటు రాసినోడికి కూడా అట్లనే ఇవ్వొచ్చు. దొంగ అగ్రిమెంట్లు రాస్తారు, చేతి కింద డబ్బులు తీసుకుంటారు, అది నాకూ తెలుసు. అందుకే బాడుగ బ్యాంకు ఖాతాలోనే పడాలని రూలు పెట్టాల.

అయితే ఒకటి ఒప్పుకోవాల. నా గదికి పంచాయతీ పన్ను ఏడాదికి 900. అది మొత్తం మాఫీ చేసినా 30,000 గుంత పూడదు. కదిరిలో పెద్ద కాంప్లెక్సులు ఉన్నోళ్లకు పనికొస్తుందేమో గానీ మనలాంటోళ్లకు కాదు. మనకు ఆ గదిలో ఎవరున్నారనేదే లెక్క.

నిన్న పోయి ఉగాది నుంచి 3,200 ఇమ్మన్నా. కాయిల్ చుడుతూ తల ఎత్తకుండానే "సరే అన్నా" అన్నాడు. ఇంట్లో మా ఆమె మాత్రం మిగతా 1,800 ఎవరిస్తారని అడుగుతా ఉంది. ఇంకా జవాబు చెప్పలేదు.

రోడ్డు మీద గదులు ఉన్నోళ్లు మీరు ఎంత తీసుకుంటున్నారో, ఎవరికి ఇచ్చినారో కింద రాయండి.